నేటి ఇంట్లో మండువా

మండువా లోగిలి అంటే నడిమధ్యలో ఆకాశం కనిపించే ఇల్లు. చుట్టూ నాలుగు వరుసల గదులు, గదుల ముందు కొయ్య స్తంభాల మీద నిలిచిన వసారాలు, వాటి నడుమ కప్పు లేని చదరపు చోటు. పెంకుల కప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలి, వాన నీటిని ఆ చదరంలోకే దించుతుంది. అక్కడి నుంచి తూము ఆ నీటిని బయటి కాలవకో పెరటి మొక్కలకో చేరుస్తుంది. వీధి వైపు అరుగులు, వెనక వంటిల్లు, ఆపైన పెరడు, నుయ్యి, పశువుల దొడ్డి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కలిగిన రైతు కుటుంబాలు ఒకప్పుడు ఇలాంటి ఇళ్ళే కట్టుకున్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి పంటలకు భరోసా వచ్చింది. బర్మా టేకు ఓడల మీద రేవులకు దిగేది. ఆ రోజుల కలిమితో లేచిన లోగిళ్ళు కోనసీమ ఊళ్ళలో ఇప్పటికీ కొన్ని నిలిచి ఉన్నాయి.

తెలుగు నేలంతటా ఇదే ఇల్లు లేదు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు ఉండేది. గాలివాన దాని గుండ్రని గోడకు తగిలి రెండు పక్కలకూ చీలిపోతుంది. తాటాకు కప్పు నేలకు బాగా దగ్గరగా దిగడం వల్ల గాలి కిందికి దూరి దాన్ని లేపేసే వీలు తక్కువ. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న రాయలసీమలో రాతి గోడల మీద చవుడు మట్టి పరిచిన చదును మిద్దెలు కట్టారు. వాటికి కిటికీలు చిన్నవి. వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ కప్పులోనే గవాక్షం ఉండేది. తెలంగాణ పల్లెల్లో మందపాటి మట్టి గోడలు, పెద్ద దర్వాజ, లోపల ఆకాశం కనిపించే చోటు చుట్టూ అర్రలు. చెన్నై శివార్లలో ముట్టుకాడు దగ్గరున్న దక్షిణచిత్రలో ఉత్తరాంధ్ర చుట్టిల్లునూ, తెలంగాణ నేతకారుల ఇంటినీ ఒకే ఆవరణలో చూడొచ్చు. ఒక్కో ఊరి ఎండకూ గాలికీ వానకూ అక్కడి జనం, అక్కడ దొరికే సరుకుతో ఇచ్చుకున్న జవాబులివి.

కొత్త ఇల్లు తలపెట్టిన కుటుంబాలు ఈ మధ్య పాత ఇంటి వైపు ఆశగా చూస్తున్నాయి. అయితే ఆ చూపు చాలాసార్లు ఇంటి ముఖం దగ్గరే ఆగిపోతోంది. మామూలు కాంక్రీటు ఇల్లే కట్టి, ముందు రెండు చెక్కిన స్తంభాలు నిలిపి, సన్‌షేడ్ మీద పెంకులు అతికిస్తే లోగిలి అయిపోయిందనుకుంటున్నారు. లోపల మే నెల రాత్రి ఏసీ లేకుండా గడవదు. పట్టపగలు లైటు వేయనిదే వంటగదిలో కనిపించదు. పాత ఇంట్లో స్తంభానికీ చూరుకీ అరుగుకీ గడపకీ ఒక్కొక్క పని ఉంది. కొత్త ఇంట్లో ఆ పనులన్నీ జరిగేలా చూసుకోగలిగితే ఇల్లు పైకి ఎలా కనిపించినా సంప్రదాయంలో నిలిచినట్టే.

ఎండ లెక్క

ప్లాను గీసే ముందు తేల్చుకోవలసింది ఎండ దారి. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు మే 6 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 6 ప్రాంతంలో మరోసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండు తేదీల మధ్య కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. డిసెంబరు చివర్లో మాత్రం దక్షిణాన 50 డిగ్రీల ఎత్తుకు దిగిపోతాడు. హైదరాబాదుకైనా అనంతపురానికైనా ఈ లెక్కలో తేడా ఒకటి రెండు డిగ్రీలే.

దీన్నిబట్టి మూడు సంగతులు తేలతాయి. మండువేసవిలో ఎండ దెబ్బంతా తినేది ఇంటి కప్పు. దక్షిణపు గోడను కాపాడుకోవడం తేలిక: కిటికీ మీద 2 అడుగుల సన్‌షేడ్ ఉంటే మార్చి, సెప్టెంబరు నెలల మధ్యాహ్నాల్లో దాని నీడ ఆరున్నర అడుగులకు పైగా కిందికి దిగి కిటికీ మొత్తాన్ని కప్పేస్తుంది. డిసెంబరులో అదే నీడ రెండున్నర అడుగుల లోపే ఉంటుంది కాబట్టి చలికాలపు ఎండ గదిలోకి వస్తుంది. పడమటి గోడకు ఈ ఉపాయం పారదు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 33 డిగ్రీల ఎత్తున ఏటవాలుగా పొడుస్తాడు. 2 అడుగుల సన్‌షేడ్ అప్పుడిచ్చే నీడ అడుగూ మూడంగుళాలు మాత్రమే.

పాత ఇళ్ళకు పడమట వైపు లోతైన వసారా ఎందుకుండేదో, ఆ వైపు వేప, చింత లాంటి పెద్ద చెట్లు ఎందుకు పెంచేవారో ఈ లెక్కే చెబుతుంది. ఇవాళ అంత జాగా లేనప్పుడు పడమట స్నానాల గదులు, మెట్లు, బట్టల బీరువాలు వరసగా పెట్టి, పడక గదికీ ఎండ గోడకీ మధ్య అడ్డు కల్పించవచ్చు. జాలీ గోడ, వెదురు తడికె, తీగ పాకించిన పందిరి కూడా పనికొస్తాయి. గాజు తలుపుల బాల్కనీని పడమటికి పెట్టడం మాత్రం మన వేసవిని చేజేతులా ఇంట్లోకి పిలుచుకోవడమే.

ఈ వసారా సూత్రాన్ని ఆకాశహర్మ్యం దాకా తీసుకెళ్ళిన వాస్తుశిల్పి చార్లెస్ కొరియా. ఆయన 1930లో సికింద్రాబాదులో పుట్టాడు. 1983లో పూర్తయిన ముంబయి కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్లలో ఆయనకు ఎదురైన చిక్కు ఇది: సముద్రం పడమట ఉంది, గాలి అటునుంచే వస్తుంది, మండే సాయంత్రపు ఎండా కుండపోత వానా అటునుంచే. దానికి ఆయన ఇంటి మూలల్లో రెండంతస్తుల ఎత్తున తోటల్లాంటి వసారాలు పెట్టి, గదులను వాటి వెనక్కి జరిపాడు. పల్లెటూరి పంచ చేసే పనే అక్కడ 28 అంతస్తుల భవనంలో జరుగుతోంది. అపార్ట్‌మెంట్లో ఉండేవారు కూడా బాల్కనీని గదిలో కలిపేసుకునే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి. ఆ నాలుగడుగుల నీడ పోతే గది గోడే ఎండ గోడ అవుతుంది.

మండువా ఎలా పనిచేస్తుంది

పగలంతా కాగిన గాలి తేలికై మండువా గుండా పైకి పోతుంది. దాని చోటులోకి నీడపట్టున ఉన్న గదుల గాలి, వీధి గుమ్మం, దొడ్డి గుమ్మం నుంచి వచ్చే గాలి చేరుతుంది. రాత్రి వేళ మబ్బులేని ఆకాశం కింద మండువా నేల, పెంకులు తమ వేడిని పైకి వదిలేసి చల్లబడతాయి. చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దిగి గదుల్లోకి పరుచుకుంటుంది. గోడలూ నేలా రాత్రి కూడబెట్టుకున్న ఆ చల్లదనం మర్నాడు పొద్దెక్కేదాకా ఇంటిని కాస్తుంది. అందుకే పెద్దవాళ్ళు ఉదయం తొమ్మిది దాటగానే వీధి వైపు తలుపులు మూసి, సాయంత్రం చల్లబడ్డాక బార్లా తెరిచేవారు. ఆ అలవాటు లేకుండా మండువా ఒక్కటే ఏమీ చేయలేదు.

పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రత తేడా ఎక్కువగా ఉన్న అనంతపురం, కర్నూలు, హైదరాబాదు లాంటి చోట్ల ఈ పద్ధతి బాగా ఫలిస్తుంది. కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరంలో రాత్రులు కూడా ఉక్కగానే ఉంటాయి. అక్కడ మండువా విలువ చల్లదనం కంటే గాలి ఆడించడంలో, వెలుతురు ఇవ్వడంలో ఉంది. ఈ తేడా తెలియక మెట్ట ప్రాంతపు ఇంటిని తీరంలో, తీరపు ఇంటిని మెట్టలో దించేస్తే ఫలితం దక్కదు.

కొత్త ఇంట్లో మండువాకు కొలత ముఖ్యం. ఒక అంతస్తు ఇంటికి 8 నుంచి 10 అడుగుల చదరం చాలు. రెండంతస్తులు కట్టి నడుమ 5 అడుగుల చదరం వదిలితే అది వెలుతురు దిగే గొట్టం అవుతుంది. గాలి పైకి లాగడానికి పనికొస్తుంది కానీ దాని చుట్టూ కూర్చునే బతుకు ఉండదు. పై అంతస్తును మండువా నుంచి కొంచెం వెనక్కి జరిపి కట్టినా, ఒక వైపు అసలు కట్టకుండా వదిలినా మండువా మళ్ళీ తేటపడుతుంది.

చాలామంది భయపడేది వాన, దొంగలు, దోమలు. మూడూ నిజమైన భయాలే, మూడింటికీ మార్గాలున్నాయి. మండువా నేలను చుట్టూ ఉన్న వసారా కంటే అర అడుగు దించి, తూము వైపు వందకు ఒకటి చొప్పున వాలు ఇవ్వాలి. తూముకి జాలీ బిగించి, చెత్త చేత్తో తీసేలా ఉంచాలి. కింద వాటర్‌ప్రూఫింగ్ పొర విషయంలో పిసినారితనం పనికిరాదు. వాన జల్లు వసారాలో పడకుండా చూరు కనీసం 3 అడుగులు ముందుకు రావాలి. దొంగల భయానికి పైన ఇనుప గ్రిల్. దోమలకు మండువా మీద మెష్ వేయడం కంటే, గదుల తలుపులకూ కిటికీలకూ వేసుకోవడం మేలు. మెష్ గాలిని తగ్గిస్తుంది కాబట్టి ఆ మేరకు కిటికీలు పెద్దవి కావాలి.

కొందరు మండువా మీద గాజు కప్పేస్తున్నారు. సూర్యుడు నడినెత్తిన నిలిచే మే నెలలో గాజు కప్పు కింద వేడి చేరి, పోయే దారి లేక ఇల్లంతా కమ్ముకుంటుంది. మండువా పనికి ఇది సరిగ్గా తలకిందులు. కప్పు తప్పదనుకుంటే దాన్ని చుట్టూ ఉన్న గోడల కంటే అడుగున్నర ఎత్తు లేపి, నాలుగు పక్కలా తెరిచి ఉంచే తడకలు పెట్టాలి. అప్పుడు వాన ఆగుతుంది, వేడిగాలి పోతుంది.

మండువాలో పడే నీటికి లెక్క ఉంది. ఏటా 800 మిల్లీమీటర్ల వాన కురిసే చోట వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద సుమారు 74 వేల లీటర్లు పడతాయి. ఆవిరైనవీ చిమ్మిపోయినవీ తీసేసినా 60 వేల దాకా పట్టుకోవచ్చు. తొలి వానల నీళ్ళు దుమ్ముతో వస్తాయి కాబట్టి వాటిని వదిలేసి, ఆ తర్వాతి నీళ్ళను ఇసుక, గులకరాళ్ళ వడపోత మీదుగా సంపుకు గానీ ఇంకుడు గుంతకు గానీ మళ్ళించాలి. పెరటి నుయ్యి ఎండకుండా ఉండడానికి పాతవాళ్ళు నమ్ముకున్నది ఈ నీటినే.

గాలి దారి

పాత ఇంట్లో వీధి గుమ్మంలో నిలబడితే దొడ్డి గుమ్మం సూటిగా కనిపించేది. గుమ్మాలన్నీ ఒకే వరుసలో ఉండడంతో గాలి ఆగకుండా ఇంటిని దాటిపోయేది. కోస్తాలో వేసవి సాయంత్రాల పైరగాలి దక్షిణ, ఆగ్నేయ దిశల నుంచి వస్తుంది. వడగాలి పడమటిది. కాబట్టి కోస్తా ఇంటికి దక్షిణ, తూర్పు కిటికీలు విశాలంగా, పడమటివి చిన్నవిగా, గట్టి రెక్కలతో ఉండాలి. తెలంగాణలో చిక్కు వేరు: మేలో వడగాలీ, జూలైలో చల్లని వానగాలీ రెండూ ఇంచుమించు పడమటివే. ఒకే కిటికీ ఒక కాలంలో మూసుకోవాలి, మరో కాలంలో తెరుచుకోవాలి. కొయ్య రెక్కల కిటికీకి సాటివచ్చేది అక్కడ మరొకటి లేదు.

ఇంధన సామర్థ్య బ్యూరో 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత, ఇంటి నేల వైశాల్యంలో కనీసం ఎంత భాగం తెరుచుకునే కిటికీలు, తలుపులు ఉండాలో చెప్పింది. విశాఖపట్నం లాంటి వేడి, తేమ కలిసిన చోట అది ఆరో వంతు. హైదరాబాదుకు వర్తించే మిశ్రమ వాతావరణంలో ఎనిమిదో వంతు. ఇక్కడ తెరుచుకోవడం అన్నదే కీలకం. ఇప్పుడు అంతటా బిగిస్తున్న రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటుంది. పాత పద్ధతిలో బయటికి తెరిచే రెక్కలైతే గాలికి మొత్తం కిటికీ దక్కుతుంది.

వాస్తు మాట

తెలుగువాళ్ళ ఇంటి ప్లానులో వాస్తు ప్రస్తావన తప్పదు. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో రాసిన బృహత్సంహితలో నాలుగు, మూడు, రెండు శాలల ఇళ్ళ వివరణ ఉంది. మండువా లోగిలి ఆ చతుశ్శాల కోవకే చెందుతుంది. మయమతం, మానసారం లాంటి గ్రంథాలు స్థలాన్ని 64 గానీ 81 గానీ పదాలుగా విభజించి నడుమ భాగాన్ని బ్రహ్మస్థానం అన్నాయి. అక్కడ స్తంభం, గోడ రాకూడదన్న నియమం, మండువాను నడుమ వదలడం ఒకదానికొకటి అతికినట్టు సరిపోతాయి. ఈశాన్యం తెరపిగా, నైరుతి బరువుగా ఉండాలన్న మాట కూడా పొద్దుటి ఎండను రానిచ్చి సాయంత్రపు ఎండను ఆపే ఇంటికి నప్పుతుంది.

చిక్కు వచ్చేది నియమాన్ని ఉంచుకుని, దానికి తోడుగా ఉన్న కట్టుబడిని వదిలేసినప్పుడు. ఇంటి యజమాని పడక గది నైరుతిలో ఉండాలంటారు. పాత ఇంట్లో ఆ మూల అడుగున్నర మందం గోడ, బయట వసారా, పైన అటక ఉండేవి. ఇప్పుడు అదే మూలలో తొమ్మిదంగుళాల గోడ కట్టి పైన స్లాబు వేస్తే, మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకేదాకా కాగి, రాత్రి పడుకునే వేళకు ఇంటికల్లా వేడి గది అదే అవుతుంది. నైరుతి పడక గది కావాలనుకునేవారు దాని పడమటి గోడకు నీడ, దాని కప్పుకు రెండో పొర తప్పనిసరి అనుకోవాలి. ఆగ్నేయపు వంటగది సంగతీ అంతే. కోస్తాలో పైరగాలి అటునుంచే వస్తుంది కాబట్టి వంట వేడీ తాలింపు ఘాటూ ఇంట్లోకి మళ్ళుతాయి. వంటగదికి పైకి పోయే చిమ్నీ ఏర్పాటు చేసి, హాలుకు దక్షిణాన వేరే కిటికీ ఇస్తే నమ్మకమూ నిలుస్తుంది, ఇల్లూ హాయిగా ఉంటుంది.

గోడ, కప్పు, నేల

మందపాటి మట్టి గోడ మధ్యాహ్నపు వేడిని తనలో దాచుకుని, అది లోపలికి చేరేసరికి రాత్రి చేస్తుంది. అప్పటికి తలుపులు తెరుచుకుని ఉంటాయి. ఇవాళ అంత మందం కట్టడానికి స్థలం ఉండదు. మెషీన్‌తో అదిమిన, ఐదారు శాతం సిమెంటు కలిపిన మట్టి దిమ్మెలు ఒక దారి; కాల్చే పని లేకపోవడం వాటి గొప్ప. లారీ బేకర్ కేరళలో వ్యాప్తిలోకి తెచ్చిన ర్యాట్‌ట్రాప్ బాండ్ మరో దారి. ఇందులో ఇటుకలను పక్కకు నిలబెట్టి పేరుస్తారు. గోడ నడుమ బోలు మిగులుతుంది. ఇటుకలు దాదాపు నాలుగో వంతు ఆదా అవుతాయి, బోలులోని గాలి వేడిని ఆపుతుంది. 1917లో ఇంగ్లండులో పుట్టి, తిరువనంతపురంలో స్థిరపడి, 2007లో కన్నుమూసిన బేకర్ పేదవాడి ఇంటికీ పెద్ద సంస్థ భవనానికీ ఒకే శ్రద్ధ చూపిన మనిషి. చుట్టుపక్కల దొరికే సరుకుతోనే కట్టాలన్న ఆయన పట్టుదల తెలుగు ఊళ్ళకూ అక్షరాలా పనికొస్తుంది.

కప్పు విషయంలో పాత ఇల్లు చాలా ముందుంది. వాసాలు, పట్టెల మీద కూన పెంకులు పేర్చేవారు. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ కార్ఖానా మొదలయ్యాక మంగుళూరు పెంకులు క్రమంగా దక్షిణాదంతా పాకాయి. పెంకుల సందుల్లోంచి వేడిగాలి తప్పుకుంటుంది, పొద్దు వాలగానే పెంకు చల్లబడుతుంది. కాంక్రీటు స్లాబుకు ఆ గుణం లేదు. అది పగలంతా ఎండను తాగి, రాత్రి లోపలికి కక్కుతుంది. స్లాబు తప్పదన్నప్పుడు దానిమీద ఎండ పడకుండా చూడటమే ఉపాయం. స్లాబు మీద రెండు మూడడుగుల ఎత్తున ఇనుప చట్రం నిలిపి పెంకులు పేరిస్తే నడుమ గాలి ఆడుతుంది. అంత ఖర్చు వద్దనుకుంటే సున్నపు కాంక్రీటు పొర మీద తెల్ల పింగాణీ ముక్కలు అతికించవచ్చు. ఏటా వేసవి ముందు తెల్ల సున్నం కొట్టించడం అన్నిటికంటే చౌక. దాని ఫలితం మొదటి రోజే తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన శీతల పైకప్పుల విధానం కూడా ఎండను తిప్పికొట్టే ఇలాంటి తెల్లని కప్పులనే ప్రోత్సహిస్తోంది.

బేకర్ వాడిన ఫిల్లర్ స్లాబు పద్ధతి కూడా తెలుసుకోదగ్గదే. స్లాబు అడుగు భాగంలో బరువు లాగేది ఇనుప కడ్డీలు. అక్కడి కాంక్రీటు చేసే పని తక్కువ. ఆ చోట కడ్డీల మధ్య పెంకులు జంటగా పెట్టి పోస్తే కాంక్రీటు తగ్గుతుంది, పెంకుల మధ్య గాలి వేడిని నెమ్మదింపజేస్తుంది, గదిలోంచి చూస్తే ఎర్రటి పెంకుల వరస అందంగా కనిపిస్తుంది. దీన్ని స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క వేసి ఇవ్వాలి, మేస్త్రీ అంచనాకు వదలకూడదు.

నేలకు మన దగ్గర సరుకు కొరత లేదు. కడప బండ, బేతంచెర్ల బండ, తాండూరు బండ మూడూ ఇక్కడి సున్నపురాయి. కాలికి చల్లగా ఉంటాయి, జారవు, దశాబ్దాలు నిలుస్తాయి. వీటిని కాదని మెరిసే విట్రిఫైడ్ టైల్స్ పరిచిన ఇళ్ళలో పెద్దవాళ్ళు తడి కాలితో జారిపడటం మామూలైపోయింది. గోడలకు గానుగ సున్నం, తెలంగాణలో డంగు సున్నం అనేది, ఇంకా దొరికే చోట తప్పక వాడుకోదగ్గది. దాన్ని కరక్కాయ, బెల్లం నీళ్ళతో మగ్గబెట్టి పూసేవారు. అలాంటి పూత గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. పాత మట్టి గోడకు బాగుచేత పేరుతో సిమెంటు పూత పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని గోడ పెచ్చులూడుతుంది.

267 గజాల్లో ఒక ఇల్లు

ఇదంతా ఎకరాల్లో కట్టుకునేవాళ్ళకే అనిపించవచ్చు. పట్టణాల్లో మామూలుగా దొరికే 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న తూర్పు ముఖం స్థలాన్ని తీసుకుందాం. సెట్‌బ్యాకులు ఊరిని బట్టి మారతాయి. ముందు 10 అడుగులు, మిగతా మూడు వైపులా 5 చొప్పున వదిలామనుకుంటే కట్టుకోవడానికి 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు మిగులుతుంది. అంటే 1,350 చదరపు అడుగులు. నడుమ 10 అడుగుల చదరం మండువా వదిలితే పోయేది అందులో పదమూడో వంతు కూడా కాదు. గదుల మధ్య నడవాలకు ఎలాగూ పోయే చోటును మండువా చుట్టూ ఉన్న వసారా తనలో కలుపుకుంటుంది.

ఈశాన్యంలో పోర్టికో వదిలితే ముందు ఖాళీతో కలిపి కారు పడుతుంది. దాని పక్కన అరుగు. ఉత్తరాన హాలు, ఆగ్నేయంలో వంటగది, దాన్ని ఆనుకుని దక్షిణాన భోజనాల చోటు. రెండూ మండువాకు తెరుచుకుంటాయి. పడమటి వరుసలో రెండు పడక గదులు, వాటికీ పడమటి గోడకూ మధ్య స్నానాల గదులు, బీరువాలు. అమ్మానాన్నలకు ఇచ్చే గది కింది అంతస్తులోనే ఉండాలి, స్నానాల గది దానికి కలిసే ఉండాలి. మెట్లు వాయవ్యంలో. పై అంతస్తులో పిల్లల గదులు, చదువుకునే చోటు. మండువాకు తూర్పున పైన కట్టకుండా వదిలితే పొద్దుటి ఎండ కింద వసారా దాకా వస్తుంది. రెండు పక్కలా మిగిలే 5 అడుగుల సెట్‌బ్యాకులను సామాను పడేసే సందులుగా చేయకుండా కరివేపాకు, మునగ, అరటి వేసుకుంటే కిటికీలోకి వచ్చే గాలి వాటి నీడ మీదుగా వస్తుంది.

అరుగు గురించి ఒక మాట చెప్పాలి. పాత వీధిలో అరుగు ఇంటిదీ, వీధిదీ. బాటసారి సేదతీరేది, పిల్లలు అష్టాచెమ్మా ఆడేది, ఊరి కబుర్లు నడిచేది అక్కడే. ఎత్తైన ప్రహరీ, మూసిన ఇనుప గేటు వచ్చాక వీధికీ ఇంటికీ మాటల్లేవు. ప్రహరీని నాలుగడుగులకు పరిమితం చేసి, గేటు పక్కన కూర్చునే ఎత్తున రాతి బండ ఒకటి వేయడానికి ఖర్చు ఏమంత కాదు. పక్కింటి పెద్దావిడ అక్కడ కూర్చునే రోజు వస్తుంది.

వదలవలసినవి

పాత లోగిలి మంచితనాన్ని చెప్పేటప్పుడు దాని కాఠిన్యాన్ని దాచకూడదు. పనివాళ్ళు, కొన్ని కులాలవాళ్ళు అరుగు దాటి లోపలికి రాకూడదనే గీత ఆ ఇంటి ప్లానులోనే ఉంది. ఆడవాళ్ళ పగలంతా ఇంటి వెనక భాగంలో, పొగ నిండిన వంటింట్లో గడిచేది. నెలసరి రోజుల్లో వారిని విడిగా కూర్చోబెట్టే మూల ఉండేది. మరుగుదొడ్డి ఇంటికి దూరం, చాలా ఇళ్ళలో అసలు లేదు. కొత్త ఇల్లు వీటిని పూర్తిగా వదిలేయాలి. వంటగది మండువాకు తెరుచుకుని, ఇంట్లో అందరూ పనిచేసే చోటు కావాలి. ఇంట్లో పనికి వచ్చేవారికి కూర్చునే చోటు, వాడుకునే బాత్రూము ప్లానులోనే ఉండాలి. ఎత్తు గడపలు వృద్ధులకూ చక్రాల కుర్చీకీ అడ్డం. గడప మీద పసుపు కుంకుమలు పెట్టుకునే ఆచారానికి వీధి గుమ్మం గడప ఒక్కటి చాలు, దాని పక్కనే వాలు బాట వేసుకోవచ్చు. లోపలి గుమ్మాలన్నీ నేలతో సమంగా ఉంచాలి.

ఒకే కప్పు కింద ఇరవై మంది బతికిన రోజులు కావివి. ఉమ్మడి కుటుంబానికి కట్టిన ఇంట్లో ఒంటరిగా ఉండే చోటు దొరికేది కాదు. నేటి కుటుంబానికి కలిసి కూర్చునే మండువాతో పాటు తలుపు వేసుకుని చదువుకునే గది, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే గది కూడా కావాలి.

పనివాళ్ళు, ఖర్చు, ఆలన

ఇలాంటి ఇంటికి మొదటి ఇబ్బంది మనుషులు. సున్నం పూత, పెంకుల అల్లిక, వాసాల కూర్పు తెలిసిన పనివాళ్ళు తగ్గిపోయారు. పాత ఇళ్ళు పడగొట్టే చోట స్తంభాలు, ద్వారబంధాలు, దూలాలు కొనుక్కునేవాళ్ళు, వాటిని ఊడదీసే వడ్రంగిని కూడా కదిలిస్తే ఆ పని తెలిసినవాళ్ళ ఆచూకీ దొరుకుతుంది. పాత టేకు కొనేటప్పుడు మొదళ్ళలో చెద, పగులు చూసుకోవాలి. బరువు మోసే దూలంగా వాడేముందు ఇంజినీరుకు చూపించాలి.

ఖర్చును ఒకేసారి చూడకూడదు. మండువా చుట్టూ స్తంభాలు, రెండో కప్పు, మంచి కొయ్య కిటికీలు మొదట్లో భారమే. పూత లేని ఇటుక గోడ, ఫిల్లర్ స్లాబు, స్థానికపు బండలు అందులో కొంత తిరిగి ఇస్తాయి. మిగిలింది ఏటా వచ్చే కరెంటు బిల్లులో తేలుతుంది.

ఆలన మాత్రం తప్పదు. పెంకుల మీద కోతులు తిరిగే ఊళ్ళలో పగిలినవి ఏటా మార్చాలి, అందుకు కట్టేటప్పుడే వంద పెంకులు అదనంగా కొని పెరట్లో పేర్చుకోవాలి. తుఫాను తీరంలో చూరు వరసనూ నడికొప్పు వరసనూ తీగతో బిగించాలి. గాలి ముందు లేపేది వాటినే. కొయ్యకు రెండు మూడేళ్ళకోసారి నూనె పట్టించాలి. తొలకరికి ముందు, అంటే మే నెలాఖరులోనే, మండువా తూమును, కప్పు వాలుల్లో చేరిన ఆకులను శుభ్రం చేసి, ఒక బిందె నీళ్ళు పోసి పారుదల చూసుకోవాలి. ఆగిన తూము మొదటి పెద్దవానకే నీటిని వసారాలోకి తోసేస్తుంది.